బొమ్మను ముట్టని మంత్రసాని

కొత్తగా నర్సు ఉద్యోగాల్లో చేరిన పిల్లలు అప్పుడప్పుడు నన్ను చూడటానికి వస్తుంటారు. వచ్చినవాళ్ళంతా టీ తాగుతూ ఒకే మాట అంటారు: "అమ్మమ్మా, మీ కాలంలో ఇన్ని రూల్సు లేవట కదా, హాయిగా ఉండేదట కదా?" నాకు ఒళ్ళు మండుతుంది. రూల్సు లేకపోవడమేమిటి తల్లీ! నిజాం సర్కారులో దవాఖాన తలుపుకు తాళం వేయడానికి కూడా ఒక రూలు ఉండేది. లేనిదల్లా దాన్ని జనానికి అర్థమయ్యేటట్టు చెప్పేవాళ్ళే. ఆ పని నా నెత్తిన పడింది కాబట్టి నాకు తెలుసు. కానూను అంటే పోలీసు, పోలీసు అంటే పరుగు అనుకునే రోజుల్లో ఒక మనిషి అదే కానూను చాటున తలదాచుకోవడం చూశాను. ఆ సంగతే చెబుతాను, వినండి.

రెండో యుద్ధం రోజులు. నేను చేవెళ్ల సర్కారు దవాఖానలో నర్సును. మాది మొయినాబాదు వైపు క్రైస్తవ కుటుంబం. మిషన్ బడిలో చదువుకుని, పట్నంలో కాన్పుల పని నేర్చుకుని వచ్చాను. దవాఖానలో రోజూ ఉండేది ఇద్దరమే, నేనూ కంపౌండరు సాబూ. డాక్టరమ్మ పట్నం నుంచి గండిపేట మీదుగా మోటారులో నెలకోసారి వచ్చి, రోగులను చూసి, మమ్మల్ని కోప్పడి వెళ్ళేవారు. కంపౌండరు సాబు గడ్డం నెరిసిన పెద్దమనిషి. మెడదాకా గుండీలు పెట్టిన షేర్వాణీ, మెరిసే బూట్లు, నవ్వంటే ఎరుగని ముఖం. జ్వరంతో వచ్చినవాడికి మందు కంటే ముందు చీవాట్లు పోసేవారు. పై నుంచి వచ్చే ఉర్దూ కాగితాలు చదవగలిగింది మాత్రం ఆయనొక్కరే, నాకు అలీఫ్, బే దాటి రాలేదు.

ఆ ఏడు సర్కారు వైద్యం కానూన్లన్నీ తిరగరాయడం మొదలుపెట్టింది. ఎవరు మందివ్వచ్చు, ఎవరు సూది వేయచ్చు, ఎవరు కాన్పు చేయచ్చు, అన్నిటికీ కొత్త కట్టుబాట్లు. మా దాకా వచ్చింది మంత్రసానుల ముక్క. ఇకమీదట మంత్రసానులు డాక్టరు ముందు పరీక్షకు నిలబడి, నెగ్గి, ఇత్తడి బిళ్ళ తీసుకోవాలి. బిళ్ళ లేకుండా కాన్పు చేస్తే జుర్మానా. చదువూ సంధ్యా లేని ఆడవాళ్ళకు పరీక్ష ఏమిటని ఊళ్ళలో కొందరు నవ్వారు, కొందరు తిట్టారు. నాకైతే ఆ కానూను మంచిదనే అనిపించింది. కొడవలితో బొడ్డు కోసి, దాని మీద బూడిద అద్దితే పసిబిడ్డ దవడలు బిగుసుకుని చనిపోవడం నేను కళ్ళారా చూశాను.

సరే, మంత్రసానులకు పాఠాలు చెప్పమని నాకు హుకుం వచ్చింది. అంగడి రోజు పెట్టాను. ఉప్పుకో మిరపకాయలకో ఎలాగూ చేవెళ్ల వస్తారు కదా, దవాఖాన వరండాలో కాసేపు కూర్చోబెడితే సరిపోతుందని. గోళ్ళు తీసుకోండి, చేతులు సబ్బుతో రుద్దుకోండి, కత్తెర ఉడకబెట్టండి. చివర మాత్రం ప్రతిసారీ ఒకటే పాఠం: కష్టం అనిపించినా, ముందు పిల్లలు దక్కని తల్లి అయినా, నాకు కబురు పెట్టండి. కబురు పెట్టకపోతే బిళ్ళ ఉన్న మంత్రసానికి కూడా జుర్మానా అని కానూనులో ఉంది. ఆ మాట మాత్రం నేను వాళ్ళ చెవిన వేయలేదు. సర్కారు అంటేనే కొంగు ముఖానికి అడ్డం పెట్టుకునే మనుషులు. జుర్మానా అంటే మరుసటి వారం అంగడి కూడా మానేస్తారు.

వాళ్ళలో ఒకామె మొయినాబాదు అవతల, చిల్కూరు దారిలో ఉన్న ఒక చిన్న ఊరి మంత్రసాని. పొడగరి, మాట పొదుపు. నేను అవ్వా అనేదాన్ని, ఆమె నన్ను నర్సమ్మా అనేది. అడిగిన ప్రశ్నకు అందరికంటే ముందు జవాబు చెప్పేది, చెప్పి మళ్ళీ నోరు కట్టేసుకునేది. ఆమెకు ఒక్కతే కూతురు. ఆ పిల్లకు అంతకుముందు రెండు కాన్పులు. రెండూ తల్లిగారింట్లోనే, తల్లి చేతుల మీదనే. రెండుసార్లూ బిడ్డ చచ్చి పుట్టింది. ఇప్పుడు మళ్ళీ నెలలు నిండి పుట్టింటికి వచ్చి ఉంది.

నాకు పట్టుకున్న దిగులల్లా అదే. మంత్రసానులు ఊళ్ళు, ఇళ్ళు పంచుకుని ఉండేవాళ్ళు. ఒకరి ఇళ్ళలో మరొకరు అడుగు పెట్టేవాళ్ళు కాదు. పెడితే పొలం గట్టు జరిపినంత గొడవ. మరి మంత్రసాని సొంత ఇంటికి వేరొక మంత్రసాని రావడమా? కలలో కూడా రాదు. అవ్వకు బిళ్ళ రాకపోతే ఆ కూతురి కాన్పు చేసే దిక్కూ, నాకు కబురు పెట్టే దిక్కూ ఉండదు, మూడో బిడ్డ కూడా పోతుంది అనుకున్నాను. అందుకని ఎవరు నెగ్గినా నెగ్గకపోయినా అవ్వను నెగ్గించాలని మనసులో గట్టిగా పెట్టుకున్నాను.

పరీక్ష వారం రోజులుందనగా డాక్టరమ్మ దగ్గర నుంచి కబురు. కాన్పు ఎలా చేస్తారో చేసి చూపించాలట, దానికొక బొమ్మ సిద్ధం చేయమన్నారు. మిషన్ బడిలో కుట్టుపనికి బహుమతి తెచ్చుకున్న చేతులు ఊరుకుంటాయా? తెల్లగుడ్డ తెచ్చి, దూది కూరి, బరువు కోసం కడుపులో ఇసుక పోసి, ఇంత చెవులు, ఇంత ముక్కు కుట్టాను. పుట్టినప్పుడు బిడ్డ కళ్ళు మూసుకునే ఉంటుంది కదా అని నల్లదారంతో మూసిన రెప్పలు కుట్టాను. వేళ్ళు కూడా విడివిడిగా తీర్చాను. కంపౌండరు సాబు కళ్ళజోడు సవరించుకుని చూశారు.

"బేటీ, గిది మరీ నిజం బిడ్డ లెక్క ఉన్నది."

మెచ్చుకున్నారనుకుని మురిసిపోయాను.

పరీక్ష రోజు వరండాలో బల్ల వేశాం. తల్లి కడుపు కింద లెక్కగా, అడుగు కోసేసిన గంప మీద పాత బొంత కప్పి, లోపల బొమ్మను పడుకోబెట్టాను. డాక్టరమ్మ కుర్చీలో కూర్చున్నారు. మంత్రసానులు స్నానాలు చేసి, ఉన్నంతలో మంచి చీరలు కట్టుకుని గోడవారగా నిలబడ్డారు. మొదటామె చేతులు చక్కగా కడుక్కుంది, బొంత ఎత్తింది, లోపలికి చూసింది. చూసిన మనిషి నిప్పు తాకినట్టు రెండు చేతులూ వెనక్కు తీసుకుని, కొంగు తలమీదికి లాక్కుని, వరండా దిగి వెళ్ళిపోయింది. రెండో ఆమె కూడా అంతే. మూడో ఆమె బల్ల దగ్గరికే రాలేదు.

"వీళ్ళకు పని రాదు. ఇన్ని రోజులు ఏం నేర్పావు నువ్వు?" అన్నారు డాక్టరమ్మ నా వైపు తిరిగి.

నాకు తల కొట్టేసినట్టయింది. కోపం పట్టలేక మంత్రసానుల మీద విరుచుకుపడ్డాను. "ఏమైందే మీకు? బొమ్మ కరుస్తదా?"

వాళ్ళలో నోరున్న ఆమె ఒకతి ముందుకు వచ్చింది. శంకర్‌పల్లి వైపు మనిషి, రైలు కూతను మించిన గొంతు.

"కరుస్తే మంచిగుండు నర్సమ్మా, బతికున్నదని ముట్టుకుందుము. కండ్లు మూసుకొని, ఉలుకు పలుకు లేకుంట పండుకున్నది. చచ్చిన బిడ్డను అందరి ముంగట ఆటలెక్క బయటికి తియ్యుమంటున్రు. రేపు గీ చేతులతోనే ఇంకో ఇంట్ల కాన్పు చెయ్యాలె గద? ఆ తల్లి బిడ్డకు ఏమన్న అయితే ఎవలు జిమ్మేదారి?"

డాక్టరమ్మకు ఆ తెలుగు సగమే అందింది. నేను విడమరిచి చెప్పాను. నన్ను తిడతారో, వాళ్ళను తిడతారో అని చూస్తున్నాను. ఆవిడ లేచి వంగి బొమ్మ వంక చూశారు. "నిజమే. చూస్తే నాకూ భయంగానే ఉంది. ఎవరు కుట్టారు దీన్ని?" అన్నారు. నేను తల వంచుకుని బొంత సర్దాను. "మరి ఏం చేస్తే ముట్టుకుంటారో అడుగు" అన్నారు.

అడిగాను. శంకర్‌పల్లి ఆమె తడుముకోకుండా చెప్పింది. "ఏడ్వాలె. బయటికి తియ్యంగనే ఏడిస్తే అది బతికిన బిడ్డ కిందికే లెక్క."

బొమ్మ ఎక్కడ ఏడుస్తుంది? నేను ఏడుద్దామంటే మంత్రసానుల పక్కన నిలబడి వాళ్ళు చేసేది డాక్టరమ్మకు తెలుగు నుంచి ఇంగ్లీషులోకి చెప్పాలి. డాక్టరమ్మను ఏడవమని ఎవరంటారు? ఇంక దవాఖానలో మిగిలింది ఒక్కరే. అందరి చూపులూ మందుల కిటికీ వైపు తిరిగాయి. కంపౌండరు సాబు ముఖం ఎర్రబడింది. షేర్వాణీ కింది గుండీ ఒకసారి, పై గుండీ ఒకసారి పట్టుకుని చూసుకున్నారు. తర్వాత కిటికీ రెక్క దగ్గరికి వేసుకుని, దాని వెనక నుంచి ఒక్క అరుపు అరిచారు.

"సాబ్, గది మేకపిల్ల!" అని మంత్రసానులంతా ఒక్కసారి గొల్లున నవ్వారు.

రెండోసారికి సాబు దారిలో పడ్డారు. మూడోసారికి చూడాలి, అచ్చం పసిగొంతు! తొమ్మిది మంది పిల్లల తండ్రి, ఆయనకు ఏడుపులు కొత్తా? ఇక అక్కడి నుంచి పరీక్ష పండగలా సాగింది. బొమ్మను బయటికి తీయడం, కిటికీ వెనక కేర్‌మనడం, "ఆడిపిల్లనా, మొగపిలగాడా?" అని గోడవారగా ఉన్నవాళ్ళు అడగడం. డాక్టరమ్మ చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుని బిళ్ళల మీద బిళ్ళలు ఇచ్చేశారు.

చివర మా అవ్వ వంతు వచ్చింది. చేతులు అందరికంటే శుభ్రంగా కడిగింది. బొంత ఎత్తింది. బొమ్మ తల కింద చేయి పెట్టబోయి ఆగిపోయింది. కంపౌండరు సాబు తొందరపడి ముందే ఏడ్చేశారు. అయినా ఆమె చేయి కదలలేదు.

"నాతోని గాదు" అని పక్కకు జరిగింది.

డాక్టరమ్మ తల అడ్డంగా ఊపారు. అంతే, నాకు నోరు ఆగలేదు. ఈమెకు బిళ్ళ ఇవ్వకపోతే ఒక కడుపుతో ఉన్న పిల్ల దిక్కులేనిది అవుతుందన్నాను. రెండు బిడ్డలను పోగొట్టుకున్న తల్లి అన్నాను. నోటితో ఏ ప్రశ్న అయినా అడిగి చూడమన్నాను, ఈమె ఒక్కదాన్నీ తప్పదన్నాను. ఒక నర్సు డాక్టరుతో అంత గట్టిగా మాట్లాడటం అప్పట్లో లేదు. ఇప్పుడు కూడా లేదని నాకు తెలుసు, మీరు నేర్చుకోకండి. డాక్టరమ్మ ముఖం గంటు పెట్టుకునే ప్రశ్నలు అడిగారు. అవ్వ నేల చూస్తూ అన్నిటికీ సరిగ్గా జవాబు చెప్పింది. బిళ్ళ వచ్చింది. నేనే ఆమె చేతిలో పెట్టాను. ఆమె నా ముఖం చూడకుండా చెంగున ముడి వేసుకుని వెళ్ళిపోయింది. సంతోషంతో మాట రాలేదు కాబోలు అనుకున్నాను. ఆ పూట నా అంత గొప్ప మనిషి చేవెళ్ల తాలూకాలో లేదు.

ఆ సంతోషం తర్వాతి అంగడి దాకా నిలిచింది. మధ్యాహ్నం వేళ, రోగులు పలచబడ్డాక, అవ్వ వచ్చింది. వచ్చి చెంగు ముడి విప్పి, బిళ్ళను నా బల్ల మీద పడేసింది.

"నీది నువ్వే ఉంచుకో."

"అదేంది అవ్వా! కొట్లాడి ఇప్పిస్తిని గదా!" నేను కూడా ఉలిక్కిపడి మా ఇంటి మాటలోకి దిగాను.

"ఎవలు కొట్లాడుమన్నరు నిన్ను? నేనడిగిన్నా?" ఆమె గొంతు పెంచడం నేను ఎన్నడూ వినలేదు. "పరీక్షల ఓడిపోతే సర్కారు వద్దన్నదని చెప్పుకుందు. దవాఖాన నర్సమ్మను పిలుచుకుందు. ఊరు ఏమనకపోవు. నువ్వేం జేస్తివి? అందరి ముంగట గెలిపిస్తివి. ఇగ నా బిడ్డె కాన్పు నేనే చెయ్యాలె."

"మరి చెయ్యవా?"

"ఎట్ల జేస్త?" రెండు చేతులూ నా ముందు చాపింది. "పానం లేని ఇద్దరు పిల్లలను గీ చేతులతోనే తీసిన. ఇప్పుడు ఏ ఇంటికి పోయినా మంచిగనే ఉంటయి. నా బిడ్డె కడుపు మీద చెయ్యేస్తే వణుకుతయి. అది నా మొఖం జూస్తది, నేను దాని మొఖం జూస్త. ఇద్దరికీ భయమే. గా బొమ్మను జూసినంక నాకు నిద్ర లేదు."

"అట్లయితే నాకు కబురు పెట్టు. నేనొస్తా. పాఠంలో చెప్పిన గదా, నువ్వే అప్పజెప్పినవు గదా?"

"మంది ఇండ్లల్ల అయితే పిలుస్త. నా ఇంట్లకు నేనే పిలిస్తే ఊరు ఏమంటది? సొంత బిడ్డె కాన్పుకే చేతగాలేదు, మా ఇంటికేమొస్తదంటరు. రేపు ఒక్కలు గూడ పిలువరు."

ఆమె బల్ల ముందు నేలమీద కూలబడింది. నాకు ఏడుపొచ్చింది. ఎంత మంచి పని చేశాననుకున్నానో అంత చెడ్డపని అయి కూర్చుంది. ఓడిపోవాలని వచ్చిన మనిషిని బలవంతంగా గెలిపించాను. డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి మొన్న గెలిపించమన్నాను, ఇప్పుడు ఓడించండి అంటే నన్ను ఏ పిచ్చాసుపత్రిలో వేస్తారో తెలియదు.

అంతసేపూ కిటికీ వెనక సీసాలు తుడుస్తున్న కంపౌండరు సాబు అప్పుడు బయటికి వచ్చారు. బీరువాలోంచి కానూను కాగితాలు తీసుకుని, కుర్చీ లాక్కుని కూర్చుని, వేలు పెట్టి కుడి నుంచి ఎడమకు ఒక్కొక్క ముక్కే చదివి తెలుగులో చెప్పారు.

"చూడవ్వా. ముందుగాల పిల్లలు దక్కని తల్లి కాన్పు అయితే, బిళ్ళ ఉన్న దాయి దవాఖానకు కబురు పెట్టాలె. పెట్టకుంట తానే చేస్తే సర్కారు జుర్మానా ఏస్తది. గిది కానూన్."

నేను వారాల తరబడి దాచిపెట్టిన జుర్మానా! అవ్వ తలెత్తింది.

"సొంత బిడ్డె అయినా ఏస్తదా?"

"సొంత బిడ్డె అయితేంది? కానూనుకు బిడ్డెలుంటరా?"

"జేల్ల గూడ ఏస్తరా సాబ్?"

కంపౌండరు సాబు కాగితం వంక చూశారు, ఆమె ముఖం వంక చూశారు. జైలు సంగతి ఆ కాగితంలో ఎక్కడా లేదని నాకు తర్వాత తెలిసింది. "ఎందుకెయ్యరు? బరాబరు ఏస్తరు" అన్నారు, అల్లా వినకుండా ఉండాలన్నట్టు గొంతు తగ్గించి.

అవ్వ లేచి నిలబడింది. బిళ్ళను తీసుకుని, కొంగుతో తుడిచి, మళ్ళీ ముడి వేసుకుంది. "మరి గీ ముచ్చట ముందుగాల్నే చెప్పొద్దా?" అని నన్ను ఒక్క చీవాటు పెట్టి వెళ్ళింది. ఆ నడక చూస్తే నాకు సగం భయం పోయింది.

పొద్దుగూకేసరికి ఊరంతా తెలిసిపోయిందట. సొంత కూతురికి కాన్పు చేస్తే జైల్లో వేస్తారట పాపం అని ఆడవాళ్ళు ఆమెను ఓదార్చడానికి వచ్చారట. "ఏం జేద్దు వదినా, సర్కారు గిట్ల జేసె" అని ఆమె కడుపునిండా ఓదార్పు తిని కూర్చుందట. ఇదంతా అవ్వ అల్లుడే చెప్పాడు, ఒక పొద్దున బండి కట్టుకుని నన్ను తీసుకుపోవడానికి వచ్చినప్పుడు. నొప్పులు మొదలయ్యాయి.

నేను వెళ్ళేసరికి వాకిట్లో ఆడవాళ్ళు సర్కారును దుమ్మెత్తిపోస్తున్నారు. వాళ్ళ లెక్కలో సర్కారంటే నేనే కాబట్టి కొన్ని తిట్లు నాకూ తగిలాయి. అవ్వ నాకు వేడినీళ్ళు అందించి, కూతురి నుదుటి మీద చేయి వేసి, గుమ్మం దాటి బయట కూర్చుంది. ఆ పిల్ల తల్లి వెళ్ళిన వైపే చూసి, తర్వాత నా చేయి పట్టుకుంది. ఆ పట్టుకు నా గాజులు రెండు చిట్లాయి.

పొద్దు నడినెత్తి దాటింది. బిడ్డ తల కనిపించింది, మెడ చుట్టూ బొడ్డుపేగు ఉంది. వేలు దూర్చి తప్పించాను. బయటికి వచ్చిన బిడ్డ నీలంగా, మెత్తగా ఉంది. ఆ రెండుసార్లూ ఇలాగే అయిందేమో, నాకు తెలియదు. నా చేతుల్లో అయినా అలాగే పోయేవాళ్ళేమో, అదీ తెలియదు. నోట్లో జిగురు తీశాను, వీపు రాశాను, అరికాళ్ళు రుద్దాను. రుద్దుతూ మిషన్ బడిలో నేర్చుకున్న ప్రార్థనలన్నీ కలగలిపి చదివాను. ఉన్నట్టుండి ఆ చిన్న ఛాతీ ఒకసారి ఎగిరింది, ముక్కుపుటాలు కదిలాయి, ఒంటికి రంగు తిరిగింది. అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను, సిగ్గెందుకు?

బొడ్డు కోసి, తుడిచి, గుడ్డలో చుట్టి అవ్వను లోపలికి పిలిచాను. ఆడపిల్ల అని చెప్పాను. ఆమె వినిపించుకోలేదు. బిడ్డను ఇవ్వబోతే రెండు చేతులూ వెనక్కు పెట్టుకుంది.

"తీసుకో అవ్వా, మంచిగున్నది."

"ఊరందరి పిల్లలను ఎత్తుకున్న" అంది. "తలకిందులు పట్టుకొని వీపు మీద కొట్టిన, కడిగిన, వాళ్ళ తల్లుల ఒడిల ఏసి ఇంటికొచ్చిన. నా మనుమరాలిని ఎట్ల ఎత్తుకోవాల్నో నాకు తెలుస్తలేదు నర్సమ్మా. జర నువ్వే చెప్పు."

కింద కూర్చోమన్నాను, కూర్చుంది. ఎడమ చేయి మడవమన్నాను, మడిచింది. తల మోచేతి మీదికి రావాలని బిడ్డను ఆమె చేతిలో సర్దాను. వేళ్ళు వణుకుతూనే ఉన్నాయి, అయినా పట్టు వదలలేదు. ఆ సాయంత్రం పొద్దు వాలేదాకా, పాలకు తప్ప, ఆ పిల్లను ఇంకెవరి చేతికీ ఇవ్వలేదు.